లుపిన్ కాయలు ఎప్పుడు కోయాలి, విత్తనం ఎలా దాచుకోవాలి: బెంగళూరు బాల్కనీ తోటలకు

మీ ప్రశ్న సారాంశం ఇది. వైట్‌ఫీల్డ్‌లో నాలుగో అంతస్తు బాల్కనీలో లుపిన్ అనే పూల మొక్క వేశారు. జనవరి చివర్లో పూసింది. ఇప్పుడు కంకి కింది భాగంలో నూగుతో ఆకుపచ్చ కాయలు వేలాడుతున్నాయి. కొన్ని కోసి ఎండబెడితే లోపలి గింజలు ముడుచుకుపోయాయి. ఇంకా పండనీ అని వదిలేసిన కంకిలో ఒక మధ్యాహ్నం కాయలన్నీ చిట్లిపోయి, సాయంత్రానికి ఉత్త తొక్కలు మిగిలాయి. ఎప్పుడు కోయాలి, ఎలా దాచాలి, వచ్చే ఏడు ఇవే రంగులు వస్తాయా, మదనపల్లెలో అమ్మగారికి, చెన్నైలో అక్కయ్యకు పంపితే పెరుగుతాయా అని అడిగారు.

ముందు పొట్టిగా చెప్తాను. కాయ ఆకుపచ్చ పోయి గోధుమ రంగుకో బూడిద రంగుకో తిరిగాక, ఇంకా చిట్లకముందు, పొద్దున్నే కోయాలి. గింజను నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మీవి కలగలుపు హైబ్రిడ్ రంగులైతే అచ్చం అవే రంగులు రావు. మదనపల్లెకు నిశ్చింతగా పంపండి. చెన్నైకి పంపి అక్కయ్యను నిరాశపెట్టకండి.

అయితే చాలామంది కాయలు వచ్చాక విత్తనం గురించి ఆలోచిస్తారు. నా లెక్కలో విత్తనం ఎంపిక పూల దగ్గరే మొదలవ్వాలి. ఏ కాయ కోయాలన్నది తర్వాతి మాట, ఏ మొక్క కాయ కోయాలన్నదే అసలు మాట. చల్లటి దేశాల మొక్కను మన ఎండలో పెంచుతున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం.

మీ దగ్గర ఉన్నది ఏ లుపినో ముందు తేల్చుకోండి. ప్యాకెట్ పారేసినా ఫర్వాలేదు, ఆకు చూస్తే తెలుస్తుంది. లుపిన్ ఆకు ఒక కాడ చివర గొడుగు ఊచల్లా విచ్చుకుంటుంది. ఆ చిన్న ఆకులు సాధారణంగా ఐదే ఉండి, మొక్క అడుగు ఎత్తు దాటకుండా, నీలం పూల కంకి కొస తెల్లగా ఉంటే అది టెక్సాస్ బ్లూబానెట్. అమెరికాలో టెక్సాస్ రాష్ట్ర పుష్పం అదే. ఒక్కో ఆకులో తొమ్మిది నుంచి పదిహేడు దాకా చిన్న ఆకులు ఉండి, కంకి నిటారుగా పెరిగి, ఎరుపు, గులాబి, పసుపు, రెండు రంగుల కలయిక ఇలా పూస్తే అది రస్సెల్ రకాల కుటుంబం. మన నర్సరీల్లో, ఆన్‌లైన్‌లో ‘లుపిన్ మిక్స్’ పేరుతో దొరికేవి ఎక్కువగా ఇవో, వీటి పొట్టి రకాలో అయి ఉంటాయి. మెక్సికో నుంచి వచ్చిన హార్ట్‌వెగీ అనే ఏకవార్షికం కూడా కొన్ని ప్యాకెట్లలో ఉంటుంది. దాని ఆకులో ఏడు నుంచి తొమ్మిది చిన్న ఆకులు, ఒళ్లంతా మెత్తటి నూగు.

ఈ తేడా ఎందుకంటే, బ్లూబానెట్, హార్ట్‌వెగీ రెండూ ఒక్క సీజన్‌లో పుట్టి, పూసి, కాసి పోయేవి. బ్లూబానెట్ సొంత ఊళ్లో శరదృతువులో మొలిచి, చలికాలం నేలకు అంటుకుని గడిపి, వసంతంలో పూస్తుంది. బెంగళూరులో మనం అక్టోబరులో వేసి ఫిబ్రవరిలో పూలు చూసే పద్ధతికి దాని నడక బాగా సరిపోతుంది. రస్సెల్ రకాలు అసలు బహువార్షికాలు. వాటికి గట్టి చలి కావాలి. జనవరిలో బెంగళూరు రాత్రులు సగటున పదిహేను పదహారు డిగ్రీల దగ్గర ఆగిపోతాయి కాబట్టి కొన్ని మొక్కలు పూస్తాయి, కొన్ని ఆకులు మాత్రం వేసి ఏప్రిల్ ఎండకు చచ్చిపోతాయి. రెండో ఏడు చూద్దామని వాటిని కాపాడుకుంటూ కూర్చోవడం దండగ. ఏటేటా మీ చేతి విత్తనంతోనే పూలు చూడాలని ఉంటే ఏకవార్షిక రకానికి మారమనే నా సలహా.

ఇక రంగుల సంగతి. ఇంగ్లండ్‌లో యార్క్‌లో జార్జ్ రస్సెల్ అనే తోటమాలి 1911 ప్రాంతంలో లుపిన్ల మీద పని మొదలుపెట్టాడు. చేత్తో పరాగసంపర్కం చేయలేదు, ఆ పని తేనెటీగలకే వదిలేశాడు. ఆయన చేసిందల్లా నచ్చని మొక్కను నిర్దాక్షిణ్యంగా పీకేయడం, నచ్చిన మొక్క విత్తనం మాత్రమే ఉంచుకోవడం. ఏళ్ల తరబడి అదే పని. 1937లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రదర్శనలో ఆ పూలు పెడితే జనం విరగబడి చూశారు. ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే ఆ రంగులు ఎంపిక వల్ల నిలబడినవి. ఎంపిక మానేసి వచ్చిన గింజనల్లా వేసుకుంటూ పోతే, నాలుగైదు తరాల్లో మళ్లీ నీలం, ఊదా వైపే మొగ్గు చూపిస్తాయి. మీ ఎర్ర పువ్వు మొక్క గింజల్లో ఎరుపు కొన్నిటికి వస్తుంది, మిగతావి ఏ రంగైనా కావచ్చు. పక్క కుండీలోని నీలం పువ్వు పుప్పొడి తేనెటీగ కాళ్లకు అంటుకుని వచ్చి ఉంటుంది కదా.

అచ్చం అదే రంగు కావాలనుకునేవాళ్లు యూరప్ నర్సరీల్లో కొమ్మ నాటి పెంచుతారు. మనకు ఆ గొడవ అక్కర్లేదు. నేనైతే రంగు కోసం కాకుండా వేడికి నిలబడ్డ మొక్కను చూసి ఎంచుతాను. అందరికంటే ముందు పూసి, ఫిబ్రవరి దాటకముందే కాయ పట్టి, మార్చి ఎండకు కూడా కింది ఆకులు పసుపు తిరగని మొక్క ఏదుందో చూడండి. దానికే ఓ రిబ్బన్ కట్టండి. రంగు బాగున్నా ఆలస్యంగా పూసే మొక్క విత్తనం ఉంచుకుంటే వచ్చే ఏడు ఆ ఆలస్యమే మీకు వారసత్వంగా వస్తుంది. ఏటా ముందు పూసినవాటి గింజే వేసుకుంటూ పోతే కొన్నేళ్లకు మీ బాల్కనీకి అలవాటుపడ్డ లుపిన్ మీకే తయారవుతుంది. ఇది బజార్లో కొంటే దొరకదు.

రిబ్బన్ కట్టమన్నది ఇంకో అవసరానికి కూడా. అపార్ట్‌మెంట్లో మాలి వస్తే ఎండిన కంకి కనపడగానే కత్తెర పెట్టేస్తాడు, అతని దృష్టిలో అది శుభ్రం. అతనికి కన్నడంలో ‘బీజక్కె బిట్టిద్దీని’ (విత్తనానికి వదిలాను) అని ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి.

కాయ పట్టడం గురించి. కింద నేల మీద తోట ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. పై అంతస్తుల్లో మాత్రం పువ్వు బోలెడు పూసి కాయ నాలుగే పట్టిందని చాలామంది అంటారు. లుపిన్ పువ్వు మన కంది, అలసంద పువ్వు లాంటిదే, ఒకే కుటుంబం. పడవలా మూసుకున్న రేకల్లో కేసరాలు దాగి ఉంటాయి. తేనెటీగ రెక్కల రేకల మీద వాలి బరువు వేస్తే పడవ కొస నుంచి పుప్పొడి టూత్‌పేస్ట్ ట్యూబ్ నొక్కినట్టు సన్నటి తీగలా బయటికి వస్తుంది. చల్లటి దేశాల్లో ఈ పని బాగా చేసేది బంబుల్ బీ అనే బొద్దు తేనెటీగ. దక్షిణాదిలో అది లేదు. ఇక్కడ మామూలు తేనెటీగలు, నల్లటి వడ్రంగి తుమ్మెదలు ఆ పని చేస్తాయి, అవి మీ అంతస్తు దాకా వస్తే. రాకపోతే మీరే చేయొచ్చు. ఉదయం తొమ్మిది పది మధ్య, కొత్తగా విచ్చిన పువ్వు పక్క రేకలు రెండూ వేళ్లతో మెల్లగా కిందికి నొక్కండి. నారింజ రంగు పొడి కనపడుతుంది. దాన్ని సన్న బ్రష్‌తో ఇంకో మొక్క పువ్వుకు అంటించండి. ఒకే మొక్క పువ్వుల మధ్య అంటించినా కాయ పడుతుంది గానీ, రెండు మొక్కల మధ్య అయితే గింజ బలంగా ఉంటుంది.

బ్లూబానెట్ అయితే ఒక చిన్న ముచ్చట గమనించండి. కొత్త పువ్వు పై రేక మీద తెల్లటి మచ్చ ఉంటుంది. కొద్ది రోజులకు అది ముదురు ఎరుపుకు మారుతుంది. తేనెటీగకు ఎరుపు సరిగా కనపడదు, అలాంటి పువ్వు జోలికి అది పెద్దగా పోదు. మీరు కూడా బ్రష్ పట్టుకుని తెల్ల మచ్చ ఉన్నవాటి దగ్గరికే వెళ్లండి.

ఎంచుకున్న మొక్కకు రెండు మూడు కంకులు మాత్రం కాయకు వదిలి మిగతావి పూలు వాడగానే కింది దాకా కత్తిరించేయండి. అన్నీ వదిలితే మొక్క శక్తి పంచుకుపోయి గింజ సన్నబడుతుంది. కుండీలో ఆ శక్తి ఎంతని ఉంటుంది? కాయ నిండుతున్న రోజుల్లో నీళ్లు తగ్గించకండి. కాయలు రంగు తిరగడం మొదలయ్యాకే తగ్గించాలి. బోరు నీళ్లు బాగా ఉప్పగా, సున్నం పట్టేలా ఉంటే లుపిన్‌కు పడదు, దానికి కాస్త పులుపు నేలే ఇష్టం. ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే కారణం తరచూ అదే. కావేరి నీళ్లు వచ్చే ఇంట్లో ఉన్నవాళ్లు ధన్యులు. ట్యాంకర్ల మీద బతికేవాళ్లు ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం పోయకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. కూరగాయలకు అలవాటుగా చల్లే కట్టెల బూడిద కూడా దీనికి వద్దు, అది మట్టిని ఇంకా క్షారం చేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం, ఎప్పుడు కోయాలి. క్యాలెండర్ నమ్మకండి. పువ్వు వాడిన దగ్గర్నుంచి కాయ పండడానికి నెల పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు, ఎండను బట్టి ఉంటుంది. పైగా కంకి అంతా ఒక్కసారి పండదు. కింద పువ్వు ముందు పూస్తుంది, కాయా కిందిదే ముందు పండుతుంది. కింది కాయ గోధుమ రంగు తిరిగే సమయానికి కొసన ఉన్నవి ఇంకా చిక్కుడు పిందెల్లా ఉంటాయి. మీ మొదటి విడత గింజలు ముడుచుకుపోవడానికి కారణం ఇదే, కంకి మొత్తం ఒకే రోజు కోసేసి ఉంటారు.

ఒక కాయ చేతిలోకి తీసుకుని చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు దాని మీది నూగు వెండి రంగులో మెత్తగా తగులుతుంది, నొక్కితే కాయ నీరు పట్టినట్టు ఉంటుంది. పక్వానికి వచ్చేటప్పుడు ముందు పచ్చదనం వెలిసి పసుపు ఛాయ వస్తుంది, గింజల మధ్య సన్నగా నొక్కులు పడి ప్రతి గింజా బయటికి ఉబ్బి కనపడుతుంది. ఆ తర్వాత గోధుమ, బూడిద, కొన్ని రకాల్లో దాదాపు నలుపు. ఊపితే లోపల గింజ గలగలలాడుతుంది. మన జనుము కాయలూ అంతే కదా, ఎండితే గలగలమంటాయి. జనుము, లుపిన్ బంధువులే. ఇంకా అనుమానంగా ఉంటే ఒక కాయ విప్పండి. గింజ పచ్చ బఠాణీలా ఆకుపచ్చగా ఉంటే ఇంకా వారం పది రోజులు ఆగాలి. గింజ మీద దాని రంగు, మచ్చలు తేలి, గోటితో నొక్కితే లొత్త పడకపోతే ఇక కోయవచ్చు. పసుపు తిరిగి లోపల గింజ గట్టిపడ్డ కాయను కోసినా నీడలో మిగతా పక్వం పూర్తవుతుంది. ఆకుపచ్చ గింజ మాత్రం కోశాక పండదు, ఎండిపోతుంది, అంతే.

ఇక చిట్లడం. కాయ రెండు పలకల్లోని పీచు ఏటవాలుగా అల్లుకుని ఉంటుంది. ఎండేకొద్దీ ఆ పలకలు రెండూ చెరో వైపు మెలిక తిరగాలని చూస్తాయి, అంచు దగ్గర అతుకు పట్టి ఉంచుతుంది. మార్చి మధ్యాహ్నం ఎండ ముప్పై మూడు డిగ్రీలకు పోయి, గాలిలో తేమ పడిపోయిన క్షణాన అతుకు ఒక్కసారిగా విడిపోతుంది. టప్పున చప్పుడు వస్తుంది, పలకలు స్క్రూలా చుట్టుకుపోతాయి, గింజ మీటర్ల దూరం ఎగిరిపడుతుంది. మీ గింజలు కింది అంతస్తు వాళ్ల బాల్కనీలో ఉంటాయి, అడిగి చూడండి.

అందుకే పొద్దున్నే కోయమన్నది. మంచు తేమ ఇంకా ఆరకముందు కాయ మెత్తబడి ఉంటుంది, చేయి తగిలినా చిట్లదు. మంచు తడి ఉంటే ఉండనీండి, ఎలాగూ ఆరబెడతాం. రోజూ వెళ్లి చూసే తీరిక లేకపోతే కింది కాయలు పసుపు తిరగగానే కంకికి సంచి తొడగండి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో తాంబూలంతో ఇచ్చే జలతారు నెట్ సంచులు ప్రతి తెలుగింట్లో ఒక గుట్ట ఉంటాయి. దీనికి అవి అచ్చంగా సరిపోతాయి. గాలి ఆడుతుంది, తాడు లాగితే బిగుసుకుంటుంది, గింజ ఎటూ పోదు. ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు, లోపల ఆవిరి పట్టి రెండు రోజుల్లో బూజు వస్తుంది. సంచి తొడిగే ముందు కాయల మీద చిన్న గుండ్రటి రంధ్రాలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. శనగపచ్చ పురుగు పప్పుజాతి కాయలు దేన్నీ వదలదు. తొలిచిన కాయను సంచిలో మూసి పెడితే పురుగుకు భోజనం కట్టి ఇచ్చినట్టే.

ఏప్రిల్ వచ్చేసరికి ఇంకో శత్రువు వస్తుంది. మధ్యాహ్నం దాకా మండి, సాయంత్రం ఉరుముతో కురిసే బెంగళూరు వేసవి వాన. పండిన కాయ ఒక్కసారి బాగా తడిసి ఆరితే గింజ మీద బూజు మరకలు పడతాయి, కొన్ని కాయలోనే ఉబ్బిపోతాయి. కాబట్టి మార్చి చివరికి సగం కంటే ఎక్కువ కాయలు పసుపు దాటి ఉంటే వాన సూచన చూసి కంకి మొత్తం కాడతో సహా కోసేయండి. పాత పేపర్ సంచిలో తలకిందులుగా వేసి, మూతి కట్టి, గాలి తగిలే నీడలో వేలాడదీయండి. కొసన ఉన్న పిందెలు పోతాయి, పోనీండి. వానకు అన్నీ పోవడం కంటే అది నయం.

వారం పది రోజుల్లో సంచిలో టపటపా కాయలు విడుస్తూ ఉంటాయి. పిల్లలకు ఆ చప్పుడు వినడం సరదా. చిట్లనివాటిని చేత్తో నలపండి. తర్వాత మన పప్పులు చెరిగినట్టే చేటలో వేసి చెరగడం. చేట లేకపోతే వెడల్పు పళ్లెంలో పోసి మెల్లగా ఊదండి. తాలు గింజ, ముడుచుకున్న గింజ, మచ్చపడ్డ గింజ తీసేయండి. మంచి కాయలో ఐదు నుంచి తొమ్మిది గింజలు ఉంటాయి. సైజు పెసర గింజంత, కాస్త చదునుగా, నున్నగా. బూడిద రంగు మీద గోధుమ చుక్కలు, కొన్ని పూర్తి నలుపు. ఒకే ప్యాకెట్ రకాల్లోనూ గింజ రంగు వేరువేరుగా ఉంటే కంగారు పడకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. చూడ్డానికి పప్పుల్లా ఉంటాయి గానీ తోట లుపిన్ గింజలు విషం. వాటిలో లుపానిన్, స్పార్టీన్ లాంటి చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఇటలీలో తినే లుపిన్ గింజలు వేరే జాతివి, వాటిని కూడా రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టి చేదు పోగొట్టాకే తింటారు. వేరుశనగ పడనివాళ్లకు లుపిన్ పిండి కూడా పడకపోవచ్చు. కాబట్టి వంటింట్లో పప్పు డబ్బాల వరసలో ఈ సీసా పెట్టకండి, చిన్నపిల్లల చేతికి అందనివ్వకండి, పీకేసిన మొక్కలు వీధిలో ఆవుకు వేయకండి. ఊళ్లో పెద్దవాళ్లు గింజ ఆరిందో లేదో పంటితో కొరికి చూస్తారు. ఈ గింజతో ఆ పని ఎవరూ చేయకూడదు. దానికి బదులు ఒక గింజను రాయి మీద పెట్టి సుత్తితో కొట్టండి. పటుక్కున ముక్కలైతే ఆరినట్టు. నలిగి పిండిలా అతుక్కుంటే ఇంకా తేమ ఉన్నట్టు.

ఆరబెట్టడం మేడ మీద ఎర్రటి ఎండలో కాదు. మార్చిలో సిమెంటు నేల కాలు మోపలేనంత కాలుతుంది, ఆ వేడికి గింజలో జీవం దెబ్బతింటుంది. పేపర్ మీద పలచగా పరిచి ఫ్యాన్ కింద వారం ఉంచండి. తర్వాత ఇంకా ఆరబెట్టాలంటే తేమ పీల్చే సిలికా జెల్ వాడవచ్చు. గింజ ఎంత బరువో జెల్ అంతే తీసుకుని, గుడ్డలో కట్టి, ఒకే సీసాలో మూసి ఇంకో వారం. సిలికా జెల్ లేకపోతే బియ్యం మంట మీద బాగా వేయించి, పూర్తిగా చల్లార్చి, మూట కట్టి వేసినా తేమ లాగుతుంది.

ఎందుకింత ఆరబెట్టడం అంటే విత్తన శాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ చెప్పిన ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు. నిల్వ ఉంచే చోటు ఐదు డిగ్రీలు చల్లబడితే మళ్లీ రెట్టింపు. మరీ ఎండగొట్టేస్తే ఈ లెక్క పనిచేయదు గానీ, ఇంట్లో మనం అంత దూరం వెళ్లలేం. బెంగళూరు వానాకాలంలో అల్మరాలో పెట్టిన విత్తనం, ఫ్రిజ్‌లో పెట్టిన విత్తనం మధ్య తేడా అక్టోబరులో మొలకల్లో తెలిసిపోతుంది.

లుపిన్ గింజకు ఇంకో విచిత్రం ఉంది. గింజ కాయకు అతుక్కుని ఉన్న చోట చిన్న మచ్చ ఉంటుంది చూశారా, అది వాల్వులా పనిచేస్తుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే తెరుచుకుని లోపలి తేమ బయటికి వదులుతుంది. గాలి తేమగా ఉంటే మూసుకుంటుంది. చెట్టు లుపిన్ మీద, క్లోవర్ అనే పశుగ్రాసం మొక్క మీద హైడ్ అనే పరిశోధకుడు 1954లో దీన్ని చూపించాడు. అంటే బాగా ఆరిన గింజ ఇక ఆరుతూనే ఉంటుంది గానీ తేమ మళ్లీ పట్టదు. దాచుకోవడానికి వరం, మొలకెత్తించడానికి మాత్రం తలనొప్పి. పైపొర రాయిలా అయిపోతుంది. అందుకే నిల్వ ఉంచిన లుపిన్ గింజను ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు.

ఆయుష్షు మాట వచ్చింది కాబట్టి ఇంటర్నెట్‌లో తిరిగే పదివేల ఏళ్ల లుపిన్ కథ సంగతి కూడా చెప్పేస్తాను. కెనడాలో యూకాన్ ప్రాంతంలో గడ్డకట్టిన నేలలో, పాత ఎలుక బొరియల్లో దొరికిన ఆర్కిటిక్ లుపిన్ గింజలు మొలిచాయని 1967లో ప్రకటించారు. పదివేల ఏళ్లు దాటినవని అప్పట్లో అందరూ నమ్మారు. 2009లో వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష చేస్తే అవి ఈ కాలపు గింజలే, బొరియల్లోకి తర్వాత చేరినవని తేలింది. మీ సీసాలో గింజలు పదివేల ఏళ్లు ఉండవు గానీ, బాగా ఆరి ఫ్రిజ్‌లో ఉంటే కొన్నేళ్లు నిక్షేపంగా ఉంటాయి.

దాచేటప్పుడు గాజు సీసా, రబ్బరు వాషర్ ఉన్న మూత. లోపల మొక్క గుర్తు, రంగు, కోసిన నెల రాసిన కాగితం ముక్క. సీసా మీద రాస్తే చెరిగిపోతుంది. పుచ్చు పురుగు భయం ఉంటే, సుత్తి పరీక్షలో పాసైన గింజలను వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే గుడ్లు కూడా చస్తాయి. తడి గింజకు ఈ వైద్యం చేస్తే గింజే చస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాలిలో తేమ చల్లటి గింజల మీద నీరై కూర్చుంటుంది. పప్పుల డబ్బాలో వేసే వేపాకు, బూడిద లాంటివి ఇంత చిన్న మోతాదుకు అవసరం లేదు.

వేసే సమయం బెంగళూరులో సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు. ఒక్కో గింజను గరుకు కాగితం మీద, మచ్చకు ఎదుటి వైపు, లోపలి లేత రంగు కొద్దిగా కనపడేదాకా రుద్దండి. రాత్రంతా నీళ్లలో ఉంచండి. తెల్లారేసరికి ఉబ్బినవి వేయడానికి సిద్ధం. ఉబ్బనివి చెడ్డవి కావు, ఇంకోసారి రుద్ది మళ్లీ నానబెట్టాలి. నీళ్లలో తేలితే పారేయమని చెప్పే సలహా లుపిన్‌కు నమ్మదగింది కాదు. నారు పోసి పీకి నాటే పద్ధతి కూడా దీనికి పనికిరాదు. తల్లివేరు నిలువునా దిగుతుంది, కదిపితే అలుగుతుంది. కనీసం అడుగు లోతున్న కుండీలో, ఉండాల్సిన చోటే, అరంగుళం లోతున వేయండి. అక్టోబరు వానలు బెంగళూరులో మామూలుగా ఉండవు, మొలకలకు రెండు మూడు వారాలు పైన కప్పు ఉండాలి. లేకపోతే మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో వాలిపోతాయి. కొత్తగా ఇంకో రకం చేర్చుకోవాలనుకుంటే లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీల్లో అడగండి. జనవరి ఫ్లవర్ షో సమయంలో మొక్కలు పూతతో దొరికితే అప్పుడే రంగు చూసి కొని, ఆ మొక్క నుంచే విత్తనం కట్టుకోవచ్చు.

మదనపల్లె దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తులో ఉంది, శీతాకాలం రాత్రులు బెంగళూరు లాగే చల్లబడతాయి, ఎర్రమట్టి ఉంది. అమ్మగారికి నేల మీద చోటుంటే మీకంటే ఆవిడకే బాగా పూస్తుంది. అక్టోబరు మధ్యలో వేయమనండి. సున్నం కొట్టిన గోడ పక్కన మాత్రం వద్దు. హార్స్‌లీ హిల్స్ వెళ్లినప్పుడు దారిలో చల్లుదాం లాంటి ఆలోచన వస్తే దయచేసి మానుకోండి. న్యూజిలాండ్‌లో రస్సెల్ లుపిన్లు, ఐస్‌లాండ్‌లో 1945లో తెచ్చి వేసిన అలాస్కా లుపిన్ కొండలు, నదీ తీరాలు ఆక్రమించి స్థానిక మొక్కలను తరిమేశాయి. చల్లటి కొండ మీద ఈ మొక్క మన మాట వినదు.

చెన్నైలో జనవరి రాత్రి కూడా ఇరవై డిగ్రీల దగ్గరే, ఫిబ్రవరికే ఉక్క మొదలు. మొలుస్తుంది, ఆకు వేస్తుంది, పువ్వు అనుమానం. అక్కయ్యకు పూలు చూడాలని ఉంటే శంఖుపూల గింజలు పంపండి. ఇదే కుటుంబం, నీలం తక్కువేమీ కాదు, చెన్నై ఎండకు దిట్ట. దాని కాయ కూడా ఎండితే చిట్లుతుంది, కోసే పద్ధతి పైన చెప్పిందే.

కొరియర్‌లో పంపేటప్పుడు గింజలను కాగితం కవర్లో పెట్టి, దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి పంపండి, కవర్ ఒక్కటే అయితే సార్టింగ్‌లో నలిగిపోతాయి. పైన ‘పూల విత్తనాలు, తినకూడదు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. ఉన్న గింజల్లో సగమే పంపండి, మిగతా సగం మీ ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక చోట వానకు పోయినా రెండో చోట విత్తనం మిగులుతుంది.